మూడు దారుల మధ్య ఎర్రనీళ్లు

“అవి నా నీళ్లే తల్లీ, పసుపూ సున్నమూ కలిపి నేనే పోశాను అని ఇంగ్లీషులో చెప్పాను. చేతులూపి చెప్పాను. ఆఖరికి తెలుగులో కూడా చెప్పాను. వింటేనా? ‘మేడమ్, ప్లీజ్ స్టెప్ బ్యాక్’ అంటుంది. నేనో అడుగు వెనక్కేస్తే తనో అడుగు ముందుకొచ్చి మళ్లీ ‘స్టెప్ బ్యాక్’. అలా వెనక్కి నడిపించుకుంటూ పార్కింగ్ లాట్ చివరిదాకా తోసుకుపోయిందయ్యా నన్ను! పెళ్లిలో కూడా ఎవరూ నన్నంత జాగ్రత్తగా నడిపించలేదు.”

విశాలాక్షి ఎడమచేతిలో గారె ఆకారం తేలిన పిండిముద్ద అలాగే ఉండిపోయింది. మూకుడులో నూనె కాగి ఎదురుచూస్తోంది.

“ముందు నూనె సంగతి చూడవే,” అన్నాడు ఆవిడ భర్త కోదండరామ్ సోఫాలోంచే. “కథ కూడా మొదట్నించి చెప్పు. శ్రీరామ్‌కి తలా తోకా తెలీడంలేదు, ఊరికే బుర్ర ఊపుతున్నాడు పాపం,” అని నాకేసి చూపించాడు.

“మీరుండండి. మీరు కారులో హీటరేసుకుని కూర్చున్నవాళ్లు. మీకేం తెలుసు?”

గారె నూనెలోకి జారింది. కథ మొదటికొచ్చింది.

విశాలాక్షిది పాలకొల్లు. భీమవరం కాలేజీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసిన డిగ్రీ చదివింది. కప్పని కోసేటప్పుడు క్లాసులో సగంమంది ఆడపిల్లలు కళ్లు మూసుకుంటే, ఈవిడ మాత్రం కప్ప గుండెని ఇంకాసేపు చూడనివ్వమని లెక్చరర్‌ని బతిమాలిందట. పెళ్లయ్యాక కోదండరామ్ వెంట కెనడాలోని కాల్గరీకి వచ్చింది. ఆయన ఆయిల్ కంపెనీ కంప్యూటర్లలో పడ్డాడు. ఆవిడ సూపర్‌మార్కెట్ బేకరీలో పడింది. పుట్టినరోజు కేకుల మీద పేర్లు రాయడం ఆవిడ పని. ఊరికి వాయవ్యాన పుట్టిన పిల్లల్లో ఆవిడ చేతిమీదుగా క్రీముతో పేరు రాయించుకోనివాళ్లు అరుదు. ఇప్పటికీ మాల్‌లో ఎవరైనా పొడుగాటి కుర్రాడు ఎదురైతే “వీడికి డైనోసార్ కేకు” అని గుర్తుపడుతుంది.

కూతురు ధాత్రి యూనివర్సిటీ చదువుకని ఎడ్మంటన్ వెళ్లాక, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక సాయంకాలం లాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరింది. అప్పటికి యాభై దాటింది. క్లాసులో అందరూ ఆవిణ్ని ‘మామ్’ అని పిలిచేవారు. సన్నటి గొట్టంతో చుక్క చుక్కగా ద్రవాలు పొయ్యడంలో కుర్రాళ్ల చేతులు వణికితే ఆవిడ చెయ్యి వణికేది కాదు. క్రీముతో ‘అలెగ్జాండ్రా’ అని రాసిన చెయ్యి మరి.

కోర్సు అయ్యాక ఎన్నోచోట్ల అప్లై చేసింది. చివరికి సైన్సు పార్కులో ఓ చిన్న కంపెనీ పిలిచింది.

ఆ పార్కు ఊరి అంచున ఉంటుంది. పొట్టి పొట్టి గాజు భవనాలు. వాటి మధ్య గడ్డి, గడ్డి మీద దర్జాగా తిరిగే నలుపూ తెలుపూ మాగ్‌పై పిట్టలు. గాలి తేటగా ఉన్న పొద్దున్న పడమటి వైపు రాకీ కొండలు చెయ్యి చాస్తే అందేటట్టు కనిపిస్తాయి. ఒక్కో భవనంలో పదేసి కంపెనీలు. ఒకరు ఆవులకి టీకాలు తయారుచేస్తారు. ఒకరు చలికి తట్టుకునే క్యానోలా అనే నూనెగింజల వెంట పడుతున్నారు. ఒకరు నాచునుంచి నూనె తీస్తామంటారు, ఎవరూ నమ్మరు. భోజనానికి మాత్రం అందరిదీ ఒకటే వంటగది, ఒకటే మైక్రోవేవ్. విశాలాక్షి చేమదుంపల పులుసు వేడిచేసుకుంటుంటే వెనక వరుసలో నిలబడ్డ ఆవుల డాక్టరు “వాట్ ఈజ్ దట్ వండర్‌ఫుల్ స్మెల్?” అనేవాడు. అది నిజంగా అన్నాడా, వెక్కిరించాడా అన్నది ఆవిడకి చాన్నాళ్లు తేలలేదు. ఓ రోజు గిన్నె పట్టుకొచ్చి అడిగాక తేలింది.

ఆవిడ కంపెనీ పని గుండె కణాలు పెంచడం. చిన్న గాజు గిన్నెల్లో మనిషి గుండె కణాలు పెంచి, వాటి మీద మందులు పరీక్షించి, ఏ మందు గుండెకి చెడుపు చేస్తుందో ముందే తెలుసుకుంటారు. వాటికి రోజూ మేత మార్చాలి. ఆ మేత ఎర్రటి ద్రవం. ఎర్రగా ఉన్నంతసేపూ కణాలు క్షేమం. ఏ క్రిమో చేరి పులిసిందంటే ఆ ఎరుపు పచ్చబడుతుంది. అంచేత ఆ పార్కులో కణాలు పెంచేవాళ్లెవరికైనా ఎరుపు పసుపుగా మారిందంటే ఆ గిన్నెలు పారెయ్యాల్సిందేనని అర్థం.

“పిల్లలకి పాలు పట్టినట్టే బాబూ. చేతులు కడుక్కుని, తొడుగులేసుకుని, మాటాడకుండా, తుమ్మకుండా. వాటికి నేను పేర్లు కూడా పెట్టాను. తనీష్‌కి చెప్పలేదు.”

తనీష్ ఆ కంపెనీలో సైంటిస్టు. కరీంనగర్ కుర్రాడు, హైదరాబాదులో చదివి, అమెరికాలో పీహెచ్‌డీ చేసి, వీసా తంటాలు పడలేక కెనడా వచ్చాడు. ఉద్యోగంలో ఆవిడకి పైవాడు, మాటల్లో మాత్రం ఆవిడకి మేనల్లుడు. వాళ్లిద్దరికీ పైన హెలెన్. కంపెనీ ఆవిడదే. నెత్తిన కళ్లద్దాలు, చేతిలో చల్లారిపోయిన కాఫీ, ఎప్పుడూ ఎక్కడికో నడుస్తూ ఉండే మనిషి.

విశాలాక్షి ఉద్యోగం మొదట మూడు నెలల ప్రొబేషన్. అది అక్టోబరులో ఓ శుక్రవారంతో అయిపోతుంది. ఆ రోజు పొద్దున్న హెలెన్‌తో మీటింగు. ఉంచుకుంటారో, థాంక్యూ అంటారో అప్పుడు చెబుతారు.

“నాకు కేకులంటే చిన్నచూపు లేదయ్యా. కానీ ఆ తెల్లకోటు వేసుకుని అద్దంలో చూసుకున్న మొదటిరోజు ఏమనిపించిందంటే, కాలేజీలో ఆ కప్ప గుండె దగ్గర వదిలేసిన పని మళ్లీ అందుకున్నట్టనిపించింది. అది పోతే మళ్లీ ఎవరిస్తారు నాకు ఈ వయసులో?” అని, గారె తిరగేసి, “కోటు ఫొటో మా అక్కచెల్లెళ్ల గ్రూపులో పెడితే మా పెద్దక్క ఏమందో తెలుసా? ‘డాక్టరు పక్కన నర్సులా బావున్నావు, డాక్టరేడీ?’ అంది. కుళ్లు!” అంది.

సరిగ్గా ఆ గడువు వారంలోనే, మంగళవారం పొద్దున్న, గిన్నెల్లో గుండె కణాలు కొట్టుకోవడం మొదలెట్టాయి.

అంతకుముందు ఒకటీ అరా అక్కడక్కడ వణికేవి. ఆ రోజు అన్నీ కలిసి, ఓ తాళానికి, గిన్నె గిన్నెంతా. మైక్రోస్కోపులో చూసి విశాలాక్షి తనీష్‌ని కేకేసింది. తనీష్ ఎగిరి గంతేశాడు. హెలెన్ నడక ఆపి నిలబడింది. ఈ వార్త మైక్రోవేవ్ దగ్గరికి పాకిన పది నిమిషాల్లో భవనం భవనమంతా వాళ్ల తలుపు దగ్గర వరస కట్టింది. ఆవుల టీకాలవాళ్లు వచ్చారు. క్యానోలావాళ్లు వచ్చారు. నాచునూనె ఆయన రెండుసార్లు వచ్చాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు కన్నుపెట్టి చూసి “ఓ మై గాడ్, సో బ్యూటిఫుల్!” “సో క్యూట్!” “ఇంత చక్కటివి నేనెప్పుడూ చూళ్లేదు!” అనడమే.

మధ్యలో నిలబడి విశాలాక్షి ఆ కళ్లు లెక్కపెట్టుకుంది.

“పసిబిడ్డలయ్యా అవి! అంతమంది, అన్ని కళ్లు, ఒక్కళ్లైనా ‘తూ తూ’ అంటేగా? నోరారా మెచ్చుకోవడమే! నేనూరుకోలేక గిన్నె మూత మూలన నల్ల మార్కరుతో చిన్న చుక్క పెట్టాను.”

“అదేదో కొత్త రకం గుర్తనుకుని మర్నాటినుంచి తనీష్ కూడా అన్ని మూతలకీ పెట్టడం మొదలెట్టాడు,” అన్నాడు కోదండరామ్.

చుక్క చాల్లేదు. గురువారానికి సగం గిన్నెల్లో కొట్టుకోవడం ఆగింది. ఎర్రటి మేత అంచుల్లో పచ్చబడుతోంది. తనీష్ జుట్టు పీక్కుంటూ “ఏమైంది ఆంటీ, నిన్నటిదాకా మంచిగుండె గదా” అన్నాడు. తప్పు ఆవిడదని అనలేదు. కానీ రోజూ వాటికి మేత మార్చే చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు. తెల్లవారితే హెలెన్‌తో మీటింగు.

ఆ సాయంత్రం విశాలాక్షి అన్నం కెలుకుతూ కూర్చుని, ఉన్నట్టుండి తలెత్తి “దిష్టే. సందేహం లేదు,” అంది.

“లాబ్‌లో నిమ్మకాయలు కడతావా ఏంటి?” అన్నాడు కోదండరామ్.

“నాకామాత్రం తెలీదా? లోపలికి మంచినీళ్ల సీసా కూడా తీసుకెళ్లకూడదు. బయటే తీస్తాను.”

అన్నీ ఆలోచించుకుంది, పాపం. లోపలికి ఏదీ తీసుకెళ్లలేదు. కర్పూరం వెలిగించలేదు, పొగకి అలారం మోగుతుందని. అక్కడ మోగకపోయినా మోగినట్టే భయపడే మనుషులున్నారని. కణాలున్న గది నేలంతస్తులో, దారి వైపు గోడ పక్కనే. గోడకి ఇవతల నిలబడి తిప్పినా దిష్టి దిష్టే కదా అని సమాధానం చెప్పుకుంది. ఇక పళ్లెం సంగతే మిగిలింది. ఇంట్లో బిడ్డకైతే ఒక పళ్లెం ఎర్రనీళ్లు చాలు. ఇవో? కోట్ల కణాలు.

అందుకని పులిహోర కలిపే పెద్ద బేసిన్ కారెక్కించింది.

ఇంకా పూర్తిగా తెల్లారలేదు. రాత్రి కురిసిన మంచు గడ్డి మీద ఉప్పు చల్లినట్టు ఉంది. కోదండరామ్ కారు ఆపి, హీటరు ఆపకుండా, అద్దం ఓ అంగుళం దించి చూస్తున్నాడు. విశాలాక్షి క్యాను నీళ్లు బేసిన్‌లో పోసి, పసుపు గుమ్మరించి, సున్నం వేసి చేత్తో కలిపింది. నీళ్లు చిక్కటి రక్తంలా ఎర్రబడ్డాయి. మోకాళ్లు వంచి బేసిన్ ఎత్తి, గోడకి ఎదురుగా నిలబడి తిప్పింది.

“క్యానోలావాళ్ల దిష్టి, ఆవులవాళ్ల దిష్టి, నాచునూనె ఆయన రెండుసార్ల దిష్టి, హెలెన్ దిష్టి, తనీష్ దిష్టి, నా దిష్టి, అందరి దిష్టీ పోవాలి!”

“నాది లేదా?” అన్నాడు కోదండరామ్ అద్దం సందులోంచి.

“మీరసలు చూస్తేగా!”

దిష్టినీళ్లు పారబోయాల్సింది మూడు దారులు కలిసేచోట. మూడు భవనాలనుంచి వచ్చే కాలిబాటలు కలిసే చోటు గుమ్మానికి ఎదురుగానే ఉంది. అంతకన్నా శాస్త్రోక్తమైన చోటు కాల్గరీ మొత్తంలో దొరకదు. అక్కడ పోసేసి, బేసినూ పసుపు, సున్నం డబ్బాలూ కారులో పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడకూడదు, అది పద్ధతి. అక్కడే దెబ్బతింది. ఒక్కసారి చూసుంటే, పాలకొల్లులోలాగ ఆ నీళ్లు మట్టిలోకి ఇంకలేదనీ, చలికి కాంక్రీటు మీద అద్దంలా గడ్డకట్టి, ఏదో పెద్ద జంతువు నెత్తురు కారి చచ్చినట్టు పరుచుకున్నాయనీ తెలిసేది.

కోటు వేసుకుని, జుట్టుకి టోపీ పెట్టుకుని, గిన్నెలు బయటికి తీస్తూండగా అలారం మోగింది.

బయటికొచ్చి చూస్తే పార్కు పార్కంతా లాబ్ కోట్లలో చలికి గెంతుతోంది. మూడు దారుల చుట్టూ పసుపుపచ్చ టేపు. టేపు లోపల పొడుగ్గా, బూట్లతో, పెద్ద గొంతుతో గ్లెండా. గ్లెండా పార్కు భద్రతాధికారి. ప్రమాదకరమైనదేదైనా ఒలికిపోతే ఏం చెయ్యాలో అందరికీ నేర్పించేది ఆవిడే. ఏడాదికోసారి డ్రిల్ పెట్టి, నేల మీద రంగునీళ్లు పోసి, “ఇది విషమనుకోండి” అంటే అందరూ ఫోన్లు చూసుకుంటూ ఆవలించేవారు. ఈసారి ఎవరూ ఆవలించడం లేదు. ఆవులవాళ్ల నమూనా అని ఒకరు, క్యానోలావాళ్లు ఏదో దాచిపెడుతున్నారని ఒకరు. నాచునూనె ఆయన మాత్రం తనది ఆకుపచ్చ అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాడు.

విశాలాక్షి టేపు దగ్గరికి పరిగెత్తింది. తర్వాత జరిగిందే, ఆ స్టెప్ బ్యాక్.

పార్కింగ్ లాట్ చివర నిలబడ్డాక గమనించింది. ఎర్రనీళ్లు తొక్కినవాళ్లని విడిగా ఓ పక్క నిలబెట్టారు. వాళ్ల బూట్లు సంచుల్లో వేసి, కాళ్లకి నీలం ప్లాస్టిక్ తొడుగులిచ్చారు. ఆ వరసలో, నెత్తిన కళ్లద్దాలు, చేతిలో కాఫీతో, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలికి తొడుగేసుకుంటోంది హెలెన్.

“అప్పుడు నా ప్రాణం ఎలా ఉందో ఊహించుకో,” అంటూ విశాలాక్షి చిల్లులగరిటె గాల్లో తిప్పింది. “దిష్టినీళ్లు ఎవరు తొక్కితే వాళ్లకి చుట్టుకుంటుంది. ఎవరో దారేపోయేవాళ్లు తొక్కి పోతార్లే అనుకున్నాను. అక్కడ దారేపోయేవాళ్లెవరూ ఉండరు, అందరూ ఉద్యోగాలకొచ్చేవాళ్లే! పది గంటలకి నా భవిష్యత్తు తేల్చాల్సిన మనిషికి భవనం భవనమంతటి దిష్టీ నేనే చుట్టబెట్టాను!”

“హెలెన్!” అని పార్కింగ్ లాట్ చివర్నుంచే అరిచింది. “ఇట్స్ మైన్! ఐ డిడ్ ఇట్!”

హెలెన్‌కి వినపడలేదు. ఏదో పలకరిస్తోందనుకుని కాఫీ కప్పు ఎత్తి చూపించింది.

ఇంతలో తెల్ల సూట్లు వేసుకున్న ఇద్దరు వచ్చి, ఎర్ర మరకల చుట్టూ దిండ్లలాంటివి పేర్చి, మీద ఏదో మందు పిచికారీ చేశారు. ఆ మందు పుల్లటి ఆమ్లం కలిసింది. అది తగిలిన మేర ఎరుపు చటుక్కున పచ్చబడింది.

వందమంది ఒక్కసారి “ఓ!” అన్నారు. కణాలు పెంచేవాళ్లలో ఓ ముసలాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎరుపు పసుపైందంటే ఏమిటో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. గ్లెండా మెగాఫోన్ ఎత్తి “ఎవ్రీబడీ, ఫర్దర్ బ్యాక్!” అంది. అందరూ ఒకళ్ల కాళ్లొకళ్లు తొక్కుకుంటూ రోడ్డు దాకా వెళ్లారు.

విశాలాక్షి కళ్లు అప్పగించి చూస్తోంది. దిష్టినీళ్లు ఎర్రబడ్డం చిన్నప్పట్నించీ చూసింది. పచ్చబడ్డం వాళ్లమ్మ చూడలేదు, అమ్మమ్మ చూడలేదు. “ఎంత దిష్టో! పగిలి బయటపడింది!” అనుకుని అప్రయత్నంగా దణ్ణం పెట్టింది.

పక్కన నిలబడ్డ తనీష్ ఆ దణ్ణం చూశాడు. ఆవిడ చేతివేళ్లు చూశాడు. గోళ్లదాకా పసుపు.

“ఆంటీ,” అన్నాడు నెమ్మదిగా. “గవి దిష్టినీళ్లా?”

“ఎంతసేపట్నించి చెబుతున్నానురా నాయనా!”

“సున్నం కలిపిన్రా?”

“కలపకపోతే ఎర్రబడతాయా?”

తనీష్ మోకాళ్లు పట్టుకుని కూలబడిపోయాడు. ఏడుస్తున్నాడేమోనని ఇద్దరు ముగ్గురు దగ్గరికొచ్చారు. నవ్వుతున్నాడు. కళ్లలో నీళ్లు కారుతూ, మాట పెగలక, వేలితో నేలకేసి చూపిస్తూ నవ్వుతున్నాడు. చివరికి “టర్మరిక్! ఇట్స్ టర్మరిక్!” అని అరిచాడు. “సున్నం పడితే ఎరుపు, పులుపు పడితే మళ్లీ పసుపు! అంతే!”

“టర్మరిక్? లాటే కాఫీలో వేస్తారే, అదా?” అన్నారు క్యానోలావాళ్లెవరో.

గ్లెండా అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. నమ్మకూడదు కూడా, ఆవిడ ఉద్యోగమే అది. చూపించమంది. కోదండరామ్‌ని ఫోను చేసి వెనక్కి పిలిపించారు. ఆయన అప్పటికే డౌన్‌టౌన్ దాకా వెళ్లిపోయి, ఆఫీసులో మీటింగు వదిలేసి, బేసిన్ ఒళ్లో పెట్టుకుని ఊళ్లో తిరిగే రైలు, సీట్రైన్‌లో—

“సీట్రైన్ కాదు, కారే. కథకి మసాలా వెయ్యకు,” అన్నాడు కోదండరామ్.

“బేసిన్ పట్టుకుని వచ్చారా లేదా?”

“వచ్చాను.”

“మరి?”

ఎవరిదో ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద బేసిన్ పెట్టి, అందరూ చూస్తుండగా విశాలాక్షి పసుపు కలిపింది. సున్నం వేసింది. నీళ్లు ఎర్రబడ్డాయి. తనీష్ వంటగదిలోంచి తెచ్చిన నిమ్మచెక్క పిండాడు. పచ్చబడ్డాయి. పార్కు పార్కంతా చప్పట్లు. “మళ్లీ! మళ్లీ!” అంటే మళ్లీ చేశారు. ఆవుల డాక్టరు సున్నం తనకి వెయ్యనివ్వమని వరసలో నిలబడ్డాడు. గ్లెండా ఒక్కతే నవ్వలేదు. ఆవిడ పిచికారీ సూటు మనిషి మోకాళ్లకేసి చూస్తోంది. అవి పూర్తిగా పసుపు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోవని ఆవిడకి ఇంకా తెలీదు.

చప్పట్లు వింటుంటే విశాలాక్షికి బావుంది. కానీ పది కావస్తోంది.

మీటింగు గదిలో హెలెన్ ఇంకా నీలం తొడుగులతోనే ఉంది. ఎదురుగా విశాలాక్షి, మూలన తనీష్. 

“ఎందుకు?” అంది హెలెన్. అంతే అడిగింది.

విశాలాక్షి ఏదీ దాచకుండా చెప్పింది. గుండెలు కొట్టుకోవడం, అందరూ వచ్చి మెచ్చుకోవడం, మెచ్చుకుంటే తగులుతుందనడం, మూతమీద చుక్క. చుక్క సంగతి రాగానే తనీష్ ఉలిక్కిపడి “గది దిష్టి చుక్కనా?” అన్నాడు. అప్పటికే ప్రతి గిన్నె మూతమీదా ఉందది.

హెలెన్ కాఫీ బల్లమీద పెట్టింది. “ఆ నీళ్లు తొక్కినవాళ్లకి ఏమవుతుంది?”

ఇదే ప్రశ్న రాకూడదని విశాలాక్షి దారంతా మొక్కుకుంది. అబద్ధం ఆడొచ్చు. ఏమీ కాదనొచ్చు. కానీ ఎదుటి మనిషికి నిజంగా చుట్టుకుని ఉంటే?

“మీకు చుట్టుకుంటుంది,” అంది.

“నాకా? అందరిదీనా?”

“నాచునూనె ఆయనది రెండుసార్లు.”

హెలెన్ తన కాళ్లకున్న నీలం తొడుగులకేసి చూసుకుంది. “మరి ఇప్పుడు నా సంగతేమిటి?” అంది.

విశాలాక్షి లేచి వంటగదికి పరిగెత్తింది. కాఫీ మిషను పక్కన బుట్టలో ఉన్న ఉప్పు పొట్లాలన్నీ చింపి గుప్పిట్లో పోసుకుని వచ్చింది. హెలెన్‌ని తూర్పుకి తిప్పి కూర్చోబెట్టింది. తూర్పెటో తనీష్ ఫోనులో చూసి చెప్పాడు. గుప్పిడి హెలెన్ చుట్టూ తిప్పుతూ, ఈసారి జాగ్రత్తగా, అన్ని కంపెనీల పేర్లూ చదివింది. కళ్లద్దాలు నెత్తిమీదనుంచి జారితే హెలెన్ పట్టుకోలేదు, కదలకూడదేమోనని. చివర్న విశాలాక్షి “ఇప్పుడు దీన్ని నీళ్లలో వేసెయ్యాలి,” అని గుమ్మం కేసి తిరిగింది.

గుమ్మంలో గ్లెండా నిలబడి ఉంది. ఎంతసేపట్నించి నిలబడిందో తెలీదు.

“సింక్‌లో,” అంది గ్లెండా. “సింక్‌లో మాత్రమే.”

అక్కడ మొదలైంది హెలెన్ నవ్వు. కుర్చీలో వెనక్కి వాలి, బల్ల గుద్దుతూ, నీలం తొడుగులు టపటప కొట్టుకునేలా. తనీష్ మళ్లీ కూలబడ్డాడు. గ్లెండా నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి కొండలకేసి చూసింది. కొండలు కూడా ఆవిడకి సాయం చెయ్యలేదు.

నవ్వులు సర్దుకున్నాక గ్లెండా వచ్చిన పని చెప్పింది. ఫిర్యాదు తప్పదంది. పార్కు నేలమీద చెప్పకుండా ఏదీ పారబొయ్యకూడదు, ఉప్పుతో సహా. విశాలాక్షి తల దించుకుంది. తర్వాత గ్లెండా గొంతు తగ్గించి, ఇన్నేళ్లుగా డ్రిల్స్ పెడుతున్నాను, ఒక్కళ్లూ సరిగ్గా పరిగెత్తలేదు, ఇవాళ పరిగెత్తారు, అంది. ఆ నీళ్లు ఎర్రగా భయపెడతాయి, మధ్యలో రంగు మారి ఇంకా భయపెడతాయి, చేసే హాని బట్టలకే. ఈ మనిషిని కంపెనీ ఉంచుకునేట్టయితే, ఏటేటా డ్రిల్‌కి ఆ నీళ్లు కలిపే పని ఈవిడకివ్వమని అడగడానికి వచ్చాను, అంది.

హెలెన్ విశాలాక్షి కేసి చూసింది. “నిన్ను ఉంచుకుందామని నేను మంగళవారమే అనుకున్నాను,” అంది. “ఇవాళ పొద్దున్న ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు కాస్త తగ్గింది. ఇప్పుడు మళ్లీ అనుకుంటున్నాను. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి చేతిలో నా కణాలుంటే నాకు నిద్ర పడుతుంది.”

“ఆ మాటకి నేనేమన్నానో తెలుసా?” అంది విశాలాక్షి, మూకుడు కింద మంట తగ్గిస్తూ. “థాంక్యూ అనాలి కదా. నోట్లోంచి ‘మేత మార్చే టైమైంది, వెళ్లొస్తా’ అని వచ్చింది. వెళ్లిపోయాను. కారిడార్‌లో గోడకానుకుని ఏడ్చుకుని, చేతులు కడుక్కుని, తొడుగులేసుకుని పనిలో పడ్డాను.”

“కణాలు మరి?” అన్నాను.

“సోమవారానికి మళ్లీ కొట్టుకున్నాయి. తాళం తప్పకుండా!”

“కణాలుండే పెట్టెలోకి గ్యాసు ఎక్కువైనా మేత పచ్చబడుతుందట. ఆ సిలిండరు మీటరు తప్పు చూపిస్తుంటే తనీష్ శుక్రవారం మధ్యాహ్నం సిలిండరు మార్చాడు. పచ్చబడ్డ గిన్నెలు పారేసి, మిగతావాటికి కొత్త మేత పోశాడు,” అన్నాడు కోదండరామ్.

“మార్చాలన్న బుద్ధి వాడికి శుక్రవారం పొద్దున్నెందుకు పుట్టలేదో? గురువారం ఎందుకు పుట్టలేదో?”

కోదండరామ్ పళ్లెంలో గారె అందుకున్నాడు. తనీష్‌నీ ఆవిడ అదే అడిగిందట.

విశాలాక్షి స్టవ్ కట్టేసి, మిగిలిన గారెలు స్టీలు డబ్బాలో సర్ది, మూత నొక్కి నా చేతిలో పెట్టింది. గుమ్మందాకా వచ్చి, నేను బూట్లు తొడుక్కుంటూండగా ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“వచ్చే గురువారం డ్రిల్ బాబూ. నీళ్లు కలపడం వరకూ నేను చూసుకుంటాను. గ్లెండాకి స్పృహతప్పి పడిపోయేవాళ్లు ఒకళ్లు తక్కువయ్యారు. ఆవుల డాక్టరు పడతానన్నాడు గానీ, నడుం పట్టేసిందట. నువ్వొచ్చి పడిపోవాలి. మెత్తగా పడు, తల కొట్టుకోకు. మంచి బట్టలేసుకుని రాకు, పసుపు పోదు. ఆ, ఇంకోటి. నిన్ను మొయ్యడానికొచ్చినప్పుడు నవ్వకూడదు. నవ్వావంటే గ్లెండా మళ్లీ మొదట్నించి పడమంటుంది.”